జానెడు మట్టి, అడుగున బండ: రాళ్ల బీడును కొలిచి, మేతకు నిలబెట్టే పద్ధతి

ఉదయగిరి, సీతారామపురం వైపు వెలిగొండల పాదాల దగ్గర, కనిగిరి, పామూరు మిట్టల మీద, మార్కాపురం చుట్టుపక్కల పలకరాతి నేలల్లో బీడు చూడటానికి ఒకేలా ఉంటుంది. పైన రాళ్లు, రాళ్ల సందుల్లో ఎర్రమట్టి, వెంపలి, తంగేడు, అక్కడక్కడ రేగు పొద. అయినా పక్కపక్కనే ఉన్న రెండు బీళ్లలో ఒకదాంట్లో గడ్డి సంక్రాంతి దాకా పచ్చగా ఉంటుంది, రెండోదాంట్లో దీపావళి నాటికే ఎండిపోతుంది. రెండింటి మీదా పడేది ఒకే వాన. తేడా తెచ్చేవి మూడు: మట్టి ఎంత లోతుంది, ఆ లోతులో రాయి వాటా ఎంత, అడుగున బండ ఎలా పడుకుని ఉంది. ఈ మూడూ కొలవకుండా జేసీబీ పిలిచినా, గడ్డి విత్తనం కొన్నా డబ్బు రాళ్లపాలే.

ఈ రకం నేలల గురించిన వివరమైన పని చాలావరకు ఎడారి పచ్చిక బయళ్లలో జరిగింది. అమెరికా నేలల వర్గీకరణలో 50 సెం.మీ. లోపే గట్టి బండ తగిలితే దానికి ప్రత్యేకమైన వర్గం ఉంది. పరిమాణంలో 35 శాతం, ఆ పైన రాయి ఉంటే అది రాళ్ల నేల. మనది ఎడారి కాదు. జైసల్మేర్‌లో ఏడాదికి 200 మి.మీ. లోపే పడుతుంది, నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లోని మన పడమటి మండలాల్లో దానికి మూడు రెట్ల దాకా పడుతుంది. కానీ పడిన వానను పట్టి ఉంచే మట్టే లేనప్పుడు ఆ గడ్డి వేరుకు ఇది ఎడారితో సమానం. అందుకే అక్కడి కొలతలు ఇక్కడా పనికొస్తాయి. కింది వరుసలో లోతు, రాయి కొలుచుకుంటూ పోతే పది ఎకరాల బీడుకు ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని.

సామాను, అదును

గడ్డపార, పార, రెండు తట్టలు, తవ్విన మట్టి పోయడానికి పరిచే ఒక పట్టా. 10 మి.మీ. ఇనుప కడ్డీ మీటరు ముక్క, ఒక కొస సాన పట్టించి. రెండు కిలోల సుత్తి, టేపు, 2 మి.మీ. కన్నాల జల్లెడ, వేలాడదీసే తూకం, 20 లీటర్ల బకెట్, ప్లాస్టిక్ షీటు, నాలుగు నిమ్మకాయలు.

అదును ముఖ్యం. ఎండాకాలంలో ఈ ఎర్రమట్టి ఇటుకలా బిగుసుకుంటుంది. కడ్డీ దిగకపోతే బండ తగిలిందనుకుంటారు, నిజానికి అది ఎండిన మట్టే. ఈ పొరపాటు వల్ల రెండడుగుల మట్టి ఉన్న నేల చెక్కలు కూడా బండ నేల కింద లెక్కలోకి పోతాయి. వాన పడిన మర్నాడే వెళ్తే మట్టి పారకు అంటుకుని రాయీ మట్టీ విడవవు. మంచి పదును వాన పడ్డాక మూడు, నాలుగు రోజులు ఆగి మొదలుపెట్టండి. ఆరుద్ర కార్తెలో వాన పడితే అదే సరైన సమయం.

1. బీడును చెక్కలుగా విడగొట్టడం

ముందు మొత్తం నడవండి. మిట్ట, వాలు, పల్లం వేరుగా గుర్తు పెట్టుకోండి. పది ఎకరాల బీడులో కూడా కనీసం మూడు రకాల లోతు ఉంటుంది. మిట్ట మీది మట్టిని, పల్లంలోని మట్టిని కలిపి సగటు తీస్తే ఆ సంఖ్య ఏ చెక్కకూ సరిపోదు.

మొక్కలు కొంత చెబుతాయి. వెంపలి, తంగేడు దట్టంగా ఉంటే గులకరాతి నేల, నీరు నిలవదు. గరిక పరుచుకుని ఉంటే మట్టి కాస్త లోతు. తుంగ కనిపిస్తే వానాకాలంలో నీరు నిలిచే చోటు. ఉమ్మెత్త గుంపుగా ఉందంటే ఎప్పుడో మంద కట్టిన దొడ్డి అయి ఉండొచ్చు, ఎరువు బలం ఉంటుంది. ఎటు చూసినా బోసి నేల మీద పల్లేరు ఒక్కటే పాకి ఉంటే అక్కడ గిట్టల కింద నేల బాగా నలిగిందని అర్థం. అయితే మొక్కను చూసి లోతు తేల్చేయకండి. వేప, తెల్లతుమ్మ బండ చీలికలో వేరు దించి జానెడు మట్టి మీద కూడా నిలబడతాయి.

వాలుకు ట్యూబ్ లెవెల్ (మట్టం చూసే, నీళ్లు నింపిన సన్న పైపు) చాలు. పది మీటర్ల దూరంలో మట్టం 40 సెం.మీ. దిగితే వాలు 4 శాతం. ప్రతి చెక్కకూ ఈ అంకె రాసుకోండి, కట్టలు వేసేటప్పుడు కావాలి.

2. పైభాగం: నూరు అడుగుల లెక్క

చెక్కకు అడ్డంగా, వాలు మీదుగా నూరు అడుగులు నడవండి. ప్రతి అడుగుకూ చెప్పు ముందు కొస ఎక్కడ పడిందో రాయండి: బతికున్న గడ్డి మొదలు, రాలిన ఆకూ గడ్డీ, వదులు రాయి, పాతుకున్న రాయి, బోసి మట్టి. అయిదు గళ్లు, నూరు గీతలు. ఏ గడిలో ఎన్ని గీతలు పడితే అదే శాతం.

వదులు రాయికీ పాతుకున్న రాయికీ వేరు గడులు పెట్టమన్నది ఊరికే కాదు. మట్టి మీద ఊరికే ఆని ఉన్న రాయి వాన చినుకు దెబ్బను తాను తింటుంది. దాని కింద మట్టి గుల్లగా ఉండి నీరు ఇంకుతుంది. మట్టి పొరలో సగం పాతుకుని, చుట్టూ గట్టి పెచ్చు కట్టిన రాయి ఇందుకు వ్యతిరేకం. దాని మీద పడిన నీరు నేరుగా పారిపోతుంది. చూడటానికి రెండు బీళ్లలోనూ రాళ్లు ఒకేలా ఉంటాయి, నీరు మాత్రం ఒకదాంట్లో ఇంకుతుంది, ఇంకోదాంట్లో జారిపోతుంది.

ఒక వదులు రాయిని పైకెత్తి చూడండి. అరచేయంత పలకరాయి చాలు. వాన పడి వారమైనా దాని కింద మట్టి చల్లగా, ముదురు రంగులో ఉంటుంది. సన్నటి తెల్లవేళ్లు రాయి అడుగుభాగానికి అంటుకుని వస్తాయి. చీమలో చెదలో తవ్విన సన్నని దారులు కనిపిస్తాయి. అర అడుగు పక్కన ఎండ తగిలే బోసి మట్టిని గోటితో గీకితే పెచ్చు పలుకులుగా లేస్తుంది. రాళ్లు ఏరేస్తే బీడు బాగుపడుతుందని అనుకునేవాళ్లకు చూపించాల్సింది ఈ రెండు చోట్లనే. సాగు చేసే చేలో అరకకు అడ్డం కాబట్టి రాయి ఏరాలి, అందులో వాదన లేదు. మేత బీడులో రాయి ఏరితే మొదటి పెద్దవానకే పెచ్చు కట్టి, రెండో ఏడాదికి నీరు కోసిన గాడులు పడతాయి.

రాయి అడుగున తెల్లటి సున్నపు పూత ఉందేమో కూడా చూడండి. నిమ్మరసం పిండితే సన్నగా నురగ వస్తే అది సున్నమే. పొడి ప్రాంతాల్లో నీరు రాయి అంచుల నుంచి దిగి అడుగున ఎండి, ఆ పూత కడుతుంది. పూత ఎప్పుడూ కింది వైపే ఉండాలి. పైకి తిరిగి ఉంటే ఆ రాయిని ఎవరో, ఏదో కదిలించినట్టు.

3. కడ్డీతో లోతు

చెక్కకు అడ్డంగా తాడు లాగి, పది మీటర్లకొకటి చొప్పున పది చోట్ల కడ్డీ దించండి. ఆగిన చోట టేపుతో కొలవండి. కడ్డీ ఆగడం మూడు రకాలు. బండ మీద ఆగితే ఖంగున మోగి చేతికి దెబ్బ తగులుతుంది. విడిరాయి మీద ఆగితే మొద్దు చప్పుడు వస్తుంది, అరచేయి దూరంలో మళ్లీ దించితే తేలిగ్గా పోతుంది. మొరంలోకి పోతే ఆగదు, కరకరమంటూ సెంటీమీటరు సెంటీమీటరుగా దిగుతుంది. ఖంగుమన్నా సరే, పక్కన రెండుసార్లు దించి చూడకుండా అంకె రాయకండి.

పది అంకెలు చిన్న నుంచి పెద్దకు పేర్చి, నడిమి రెండింటి సగటు తీసుకోండి. పదింటి సగటు వద్దు. ఒక్క చీలికలో కడ్డీ 90 సెం.మీ. దిగితే సగటు మొత్తం అబద్ధం చెబుతుంది. ఆ 90 చోటు ఎక్కడుందో మాత్రం గుర్తు పెట్టుకోండి, తర్వాత చెట్టు నాటాల్సింది అక్కడే.

4. గుంట: అసలు లెక్క ఇక్కడ

నడిమి లోతు ఉన్న చోట, 50 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పుతో గుంట తీయండి. బండ తగిలేదాకా, లేదా 60 సెం.మీ. దాకా. తవ్విన మట్టి అంతా పట్టా మీదికే పోవాలి, ఒక్క పార కూడా పక్కకు విసరకూడదు. పై 10 సెం.మీ. మట్టిని ఒక కుప్పగా, కింది మట్టిని ఇంకో కుప్పగా పోయండి.

పిడికిలి కంటే పెద్ద రాళ్లు చేత్తో ఏరి, మిగతాది జల్లెడ పట్టండి. 2 మి.మీ. జల్లెడ పైన మిగిలింది రాయి, కింద పడింది మట్టి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. జల్లెడ పైన మిగిలినవన్నీ రాళ్లు కావు. ఎర్రమట్టి గడ్డలు అచ్చం గులకల్లా ఉంటాయి. పిడికెడు తీసి పావుగంట నీళ్లలో నానబెడితే గడ్డలు కరిగిపోతాయి, రాళ్లు మిగులుతాయి. వేళ్ల మధ్య నలిగే మెత్తని మొరం ముక్కలను కూడా రాయి కింద లెక్కేయకండి. అవి కొంత నీరు పీలుస్తాయి, సన్న వేళ్లు వాటిలోకి పోతాయి.

రాళ్లను కడిగి, ఆరాక తూచండి. పలుగురాయి, గ్రానైట్, పలకరాయి లీటరు పరిమాణానికి 2.65 నుంచి 2.8 కిలోల దాకా తూగుతాయి. లెక్కకు 2.65 వాడితే చాలు. రాళ్ల బరువు 80 కిలోలు అయితే, 80ని 2.65తో భాగిస్తే 30 లీటర్ల రాయి. గుంట 30 సెం.మీ. లోతుంటే దాని పరిమాణం 75 లీటర్లు. రాయి వాటా 40 శాతం.

రాళ్ల నేలలో గుంట అంచులు తిన్నగా రావు, ఒక పెద్దరాయి ఊడితే గోడలో బొరియ పడుతుంది. అప్పుడు టేపు లెక్క తప్పుతుంది. గుంటలో పలుచని ప్లాస్టిక్ షీటు పరిచి, కొలిచిన బకెట్లతో నీళ్లు పోసి నింపండి. ఎన్ని లీటర్లు పట్టిందో అదే గుంట పరిమాణం. వాలు నేల అయితే దిగువ అంచు మట్టానికి నిండితే ఆపేయండి, పై వైపు మిగిలిన ఖాళీని టేపుతో కొలిచి కలపండి.

తూకం లేకపోతే బకెట్‌ను అంచుదాకా నింపి, రాళ్లు వేసి, పొర్లిన నీటిని కింద బేసిన్‌లో పట్టి కొలవచ్చు. గులకలకు ఇదే మేలు.

మట్టి తీసిన తర్వాత అడుగు బండను కొబ్బరి పీచుతో శుభ్రంగా తుడిచి, దగ్గరగా వంగి చూడండి. ఈ పనిని చాలామంది వదిలేస్తారు. బండ స్వభావం తెలియకుండా లోతు అంకె సగమే పనికొస్తుంది.

మార్కాపురం వైపు పలకరాయి పొరలు నిలువుగా లేదా ఏటవాలుగా లేచి ఉంటే, పుస్తకాన్ని నిలబెట్టినట్టు ఉంటుంది. పొరల సందుల్లో గోధుమరంగు బంకమట్టి, దారప్పోగుల్లాంటి వేళ్లు కనిపిస్తాయి. అలాంటి చోట 25 సెం.మీ. మట్టి కూడా 50 సెం.మీ. మట్టిలా పనిచేస్తుంది. అదే పలకరాయి చదునుగా పరుచుకుని ఉంటే వేళ్లు బండ మీద చాపలా అల్లుకుని, అడ్డంగా మడతపడి ఉంటాయి. వాటికి దిగే దారి లేదు. కనిగిరి వైపు గ్రానైట్ అయితే పై భాగం కుళ్లి మొరంగా మారి ఉండొచ్చు. గడ్డపార పోటుకు అది పొడి అవుతుందంటే వేరు కూడా పోతుంది. వెలిగొండ వైపు గట్టి క్వార్ట్‌జైట్ తగిలితే ఆశ తక్కువ. అది కుళ్లదు, కుళ్లినా ఇసుకే ఇస్తుంది, బలం ఉండదు.

తుడిచిన బండ మీద ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. పది నిమిషాల్లో పోతే చీలికలున్నట్టు. గంటైనా అక్కడే ఉంటే అది మూసుకున్న బండ. బండకు పైన మట్టిలో బూడిద, తుప్పు రంగు మచ్చలుంటే వానాకాలంలో ఆ గుంటలో నీరు రోజుల తరబడి నిలుస్తున్నట్టు. అక్కడ సీతాఫలం పెడితే వేరు కుళ్లుతుంది.

5. జల్లెడ కింద పడిన మట్టి

పిడికెడు మట్టి తడిపి, రొట్టెపిండిలా పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా నొక్కుతూ పొడిగించండి. పట్టీ 2.5 సెం.మీ. లోపే తెగి, గరుకుగా ఉంటే ఇసుక పాలు ఎక్కువున్న గరప. 2.5 నుంచి 5 సెం.మీ. వస్తే బంక కలిసిన గరప. 5 దాటితే బంకనేల, ఈ బీళ్లలో పల్లంలో తప్ప దొరకదు. అసలు ఉండే కట్టకపోతే ఇసుక.

ఒక్కో సెంటీమీటరు మట్టి మొక్కకు అందించగల నీరు సుమారుగా ఇలా ఉంటుంది: ఇసుక నేల 0.7 మి.మీ., ఇసుక గరప 1.1 మి.మీ., బంక కలిసిన గరప 1.4 మి.మీ.

నీరు ఇంకే వేగానికి 15 సెం.మీ. వ్యాసమున్న రేకు డబ్బా రెండువైపులా కోసి, 5 సెం.మీ. లోతుకు దించండి. రాళ్ల వల్ల దిగకపోతే అంతే కొలతలో బంకమట్టితో చుట్టూ గట్టు కట్టండి. 440 మిల్లీలీటర్లు పోస్తే 2.5 సెం.మీ. నీరు నిలుస్తుంది. మొదటిసారి పోసింది వదిలేసి, రెండోసారి పోసింది ఇంకడానికి పట్టిన సమయం రాసుకోండి. పావుగంటలో పోతే వేగం బాగుంది. గంట దాటితే పెచ్చు ఉంది. ఒకటి రాళ్ల మధ్య, ఒకటి బోసి నేల మీద చేసి పోల్చండి.

ల్యాబ్‌కు పంపితే ఒక మాట గుర్తుంచుకోండి. ల్యాబ్ వాళ్లు కూడా రాళ్లు తీసేసి, జల్లెడ కింది మట్టినే పరీక్షిస్తారు. భూసార పరీక్ష కార్డులో హెక్టారుకు ఇన్ని కిలోలని వచ్చే అంకె రాయి లేని మట్టికి. మీ నేలలో 40 శాతం రాయి ఉంటే దాన్ని 0.6తో హెచ్చించాలి. కార్డులో మధ్యస్థం అని ఉన్న నేలలో కూడా గడ్డి పసుపుగా ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

6. ఈ నేల ఎంత నీరు దాచుకుంటుంది

లోతు 30 సెం.మీ., రాయి 40 శాతం, మట్టి ఇసుక గరప అనుకుందాం. మట్టి వాటా 60 శాతం కాబట్టి అసలు మట్టి 18 సెం.మీ. దాన్ని 1.1తో హెచ్చిస్తే దాదాపు 20 మి.మీ. ఒక మి.మీ. అంటే ఎకరాకు 4,047 లీటర్లు, కాబట్టి ఎకరాకు 81 వేల లీటర్లు. వినడానికి ఎక్కువే. కానీ పచ్చగడ్డి, ఎండ కలిసి రోజుకు 4–5 మి.మీ. లాగుతాయి. నాలుగైదు రోజులు నిండుగా తాగుతుంది, తర్వాత ఆకులు ముడుచుకుని ఇంకో వారం ఈడుస్తుంది. అంటే వానకూ వానకూ పది, పన్నెండు రోజుల ఎడం దాటితే పెరుగుదల ఆగినట్టే.

అక్టోబరు, నవంబరులో వాయుగుండం పట్టి ఒక్కరోజులో 60 మి.మీ. పడినా ఈ నేల దాచుకునేది 20. మిగతా 40 చీలికల్లోకి పోవాలి, లేదా వాగులోకి పోవాలి. పని అంతా ఈ 40 మి.మీ. మీదే. దాన్ని ఆపి, మట్టి లోతున్న చోటికీ, బండ చీలి ఉన్న చోటికీ మళ్లించగలిగితే గడ్డి మరికొన్ని వారాలు నిలుస్తుంది. మిట్ట మీది పలుచటి చెక్క ఎంత ఖర్చుపెట్టినా 20ని 25 చేయలేదు.

7. ఎన్ని గొర్రెలు

నవంబరు చివర, గడ్డి పెరుగుదల ఆగాక, మీటరు చదరం కర్రల చట్రాన్ని చెక్కలో పది చోట్ల, చూడకుండా విసిరి పెట్టండి. లోపలున్న మేత గడ్డిని నేలకు 5 సెం.మీ. ఎత్తులో కోయండి. గొర్రె ముట్టని తంగేడు లాంటివి కలపకండి. నీడలో ఆరబెట్టి, రెండు రోజులు వరుసగా తూకం మారకపోతే ఆరినట్టు. పదింటి సగటు గ్రాముల్ని 4.047తో హెచ్చిస్తే ఎకరాకు కిలోలు.

సగటు 45 గ్రాములు వస్తే ఎకరాకు 182 కిలోల ఎండు గడ్డి. ఇందులో సగమే గొర్రెకు. మిగతా సగం మొదలును కాపాడటానికి, రాలి నేలను కప్పడానికి. 91 కిలోలు మిగిలింది. 30 కిలోల గొర్రె రోజుకు బరువులో 3 శాతం, అంటే 900 గ్రాముల ఎండు మేత తింటుంది. ఎకరా ఒక గొర్రెకు నూరు రోజులు వస్తుంది. డిసెంబరు నుంచి జూన్ చివరిదాకా 210 రోజులకు ఒక గొర్రెకు రెండెకరాల పైచిలుకు. 50 గొర్రెల మందకు 105 ఎకరాలు. వరి కోతలయ్యాక మందను డెల్టా పొలాలకు తోలుకెళ్లే రోజులుంటే ఆ రోజులు తీసేసి లెక్కేసుకోండి.

ఈ అంకె చూసి కాపరులు తల అడ్డంగా ఊపుతారు, వాళ్ల బాధ నిజమైనదే. మంద తగ్గించడం ఎవరికీ అయ్యే పని కాదు. కానీ బీడును రెండుగా చీల్చి, ఒక సగాన్ని తొలకరి నుంచి గడ్డి గింజ రాలేదాకా మూసి ఉంచడం అవుతుంది. ఊరి కట్టుబాటుతో చేయగలిగిన పని అది. పశువుల కంటే కూడా తొలకరి చిగురును గొర్రె, మేక పళ్లు నేలకు అంటా కొరకడమే ఈ పలుచని నేలలకు పెద్ద దెబ్బ. గడ్డి జానెడు లేవనివ్వండి.

మూసిన చెక్కను తెరిచేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఆకలి మీదున్న మందను ఒక్కసారి లేత గడ్డిలోకి వదిలితే చిటుకు రోగం ముప్పు. వానలకు ముందే టీకా వేయించి, మొదటి వారం రోజుకు గంటా రెండు గంటలే మేపండి. ఈటెల్లాంటి కొసలున్న గింజల ముళ్లగడ్డి ఉన్న చెక్కను గింజ కట్టకముందే మేపేయాలి. నెల్లూరు గొర్రెకు ఒంటి నిండా ఉన్ని ఉండదు, ఆ ముల్లు నేరుగా చర్మంలోకీ నోట్లోకీ దిగుతుంది.

8. ఏ చెక్కకు ఏ పని

20 సెం.మీ. లోపు, చీలిక లేని బండ: ఏమీ చేయకండి. రాయి కదపొద్దు, తవ్వొద్దు, మేపు తగ్గించండి. దాని మీది నుంచి జారే నీరు దిగువ చెక్కలకు ఆదాయం.

20–40 సెం.మీ.: రాతి కట్టలు, నెలవంక గట్లు, గడ్డి విత్తనం. పెట్టుబడికి ప్రతిఫలం ఎక్కువ ఇచ్చే చెక్క ఇదే.

40 పైన, లేదా చీలిన బండ: చెట్లు కూడా. వేప, తెల్లతుమ్మ, రేగు, సీతాఫలం. గుంటను కడ్డీ లోతుగా దిగిన చోటే తీయండి, వరుస తిన్నగా రాలేదని బాధపడొద్దు. బీడులో చెట్టు వరుస చీలిక వెంటే పోతుంది.

పలుచని నేలలో జేసీబీతో కందకాలు తీయించడం తరచూ జరిగే తప్పు. 30 సెం.మీ. మట్టిలో 50 సెం.మీ. కందకం తీస్తే ఉన్న మట్టి మొత్తం తెగుతుంది, బండ పెళ్లలు పైకొచ్చి గడ్డిని కప్పేస్తాయి, కందకం అడుగున నీరు బండ మీద నిలిచి ఆవిరైపోతుంది. చిల్లచెట్టును (సర్కారు తుమ్మను) యంత్రంతో వేళ్లతో సహా పెకలించినా ఇదే నష్టం. దాన్ని మొదలంటా నరికి, మోడు నుంచి వచ్చే చిగుళ్లను నెలకోసారి కొట్టేస్తూ, పక్కన గడ్డి నిలబడ్డాకే మిగతావాటి జోలికి పోండి.

9. రాతి కట్ట

ట్యూబ్ లెవెల్‌తో ఒకే మట్టం మీద సున్నం గీత గీయండి. 4 శాతం వాలులో కట్టకూ కట్టకూ 20–25 మీటర్ల ఎడం చాలు. గీత వెంట 10 సెం.మీ. లోతు, 40 సెం.మీ. వెడల్పు కాలువ తీసి, పెద్దరాళ్లు అడుగున పేర్చండి. 25 సెం.మీ. ఎత్తు, పైన 20 సెం.మీ. వెడల్పు. ఎగువ వైపు సందుల్లో గులకలు కూరండి. మట్టి పూయకండి, సిమెంటు అసలే వద్దు. నీరు ఆగి, వడకట్టుకుని, మెల్లగా దిగువకు పోవాలి. అడ్డుకట్టలా మూసేస్తే ఒక మూల తెగి, అక్కడే గండి పడుతుంది. కట్ట రెండు కొసలను అరమీటరు ఎగువకు వంచండి.

నూరు మీటర్ల కట్టకు దాదాపు 12 ఘనమీటర్ల రాయి, ట్రాక్టరుకు నాలుగు ట్రక్కులు పడుతుంది. దాన్ని అదే ఎకరంలో ఏరితే నేల మీది కప్పు 3 మి.మీ. పోయినట్టు లెక్క. గట్ల మీది పాత రాళ్ల కుప్పలు, చేల నుంచి ఏరి పోసిన రాళ్లు ముందు వాడండి. అవి చాలకపోతే కట్ట తగ్గించండి, నేలను బోసి చేయకండి.

నెలవంక గట్లు కట్టల మధ్య, లోతున్న చోట్ల. రెండు మీటర్ల వ్యాసార్థం, 30 సెం.మీ. ఎత్తు, రెండు కొసలూ ఒకే మట్టంలో ఎగువకు తిరిగి ఉండాలి. పక్క వరుస వాటిని ఎడంగా, పై వరుస సందులకు ఎదురుగా వేయండి.

10. విత్తడం

రెండు పదును వానలు పడకుండా విత్తకండి. ఒక్క వానకు మొలిచిన మొలక పది రోజుల ఎండకు పోతుంది, విత్తనం కూడా పోతుంది. పడమటి ప్రకాశంలో పుబ్బ, ఉత్తర కార్తెలు నమ్మకమైన సమయం.

విడిగా అయితే ఎకరాకు స్టైలో హమాటా (పప్పుజాతి మేత మొక్క) 4 కిలోలు, లేదా అంజన్ గడ్డి 3 కిలోలు. కలిపితే చెరి సగం. స్టైలో గింజ పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టండి. మరిగే నీళ్లు పోస్తే గింజ చస్తుంది. అంజన్ గింజ దూదిలా తేలిక, గాలికి పోతుంది. తడి ఇసుకతో కలిపి చల్లాలి. అప్పుడే కోసిన గింజ సరిగా మొలవదు, కిందటి ఏడాదిది కొనండి.

ఇనుప పండ్ల దంతితో నేలను గీకి, రాళ్ల పక్కన, కట్టల ఎగువన, నెలవంకల లోపల చల్లి, ముళ్లకంప ఈడ్చండి. సెంటీమీటరు కంటే లోతుకు పోతే మొలవదు. స్టైలోకు ఎకరాకు ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చాలు. యూరియా ఈ నేలలో నిలవదు, వేయకండి. మొదటి ఏడాది మేపకూడదు, గింజ రాలాక కోసి ఇంటికి తెచ్చుకోండి. ఎండాకాలంలో నిప్పు పెట్టనివ్వకండి. కొత్త చిగురు వస్తుందని పెట్టే ఆ నిప్పు రాలిన గడ్డినంతా కాల్చి నేలను బోసి చేస్తుంది.

11. ఏటా చూసుకోవలసినవి

లోతు, రాయి లెక్క ఒక్కసారి చాలు. నూరు అడుగుల లెక్క మాత్రం ప్రతి డిసెంబరులో, అదే గీత మీద, అదే కొస నుంచి. రెండు కొసల్లో రాళ్లకు రంగు వేసి ఉంచండి. బోసి మట్టి గీతలు వరుసగా రెండేళ్లు పెరిగితే ఆ చెక్కను మరుసటి తొలకరికి మూసేయాలి.

మట్టి పోతోందా లేదా అని గడ్డి మొదళ్లు చూడండి. కుదురు చిన్న పీట మీద కూర్చున్నట్టు లేచి, కింద వేళ్లు బయటపడితే, ఆ ఎత్తు మేరకు చుట్టూ మట్టి కొట్టుకుపోయిందని అర్థం. అనుమానం ఉంటే అడుగు పొడవు ఇనుప మేకులు పది తీసుకుని, ఒక్కోదానికి వాషరు తొడిగి, వాషరు నేలకు ఆనేదాకా మట్టిలో దించండి. వాలు వెంట అయిదు, కట్టల ఎగువన అయిదు. వానలు వెళ్లాక వాషరు కిందికి దిగి మేకు తల ఎంత బయటపడిందో టేపుతో కొలవండి. కట్టల ఎగువన ఉన్న అయిదు మేకులు మాత్రం మట్టి కింద పూడిపోయి ఉండాలి. అవి కనిపించకపోతే గీత కొలిచి, చేత్తో తవ్వి వెతకండి.